గని గుట్టకూ తోడు కావాలి: గనుల మూసివేత ప్రణాళికలు పరిశీలించే అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు,

గుంటూరు నుంచి నమస్కారాలు. మిర్చి నమూనాలు పరీక్షించే ప్రయోగశాలలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి, మూడేళ్ల కిందట విరమించుకున్నవాణ్ణి. ఆ ముప్ఫై ఏళ్లూ నేను చేసిన పని బూజును పట్టుకోవడం. యార్డుకు వచ్చిన టిక్కీ బస్తాల్లోంచి పిడికెడు కాయ తీసి, దంచి, అందులో ఆస్పర్‌జిల్లస్ ఫ్లావస్ అనే శిలీంధ్రం వదిలిన అఫ్లాటాక్సిన్ అనే విషం ఎంత ఉందో లెక్కగట్టి చెబితే, సరుకు ఓడ ఎక్కేదీ లేనిదీ ఆ లెక్కను బట్టే తేలేది. ఐరోపా దేశాలు కిలో కారంలో మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు దాటితే ఒప్పుకోవు కాబట్టి, గుంటూరులో బూజు అన్న మాటకు నష్టమనే అర్థం స్థిరపడిపోయింది. అలాంటివాడు ఇవాళ బూజు తరఫున వకాల్తా పుచ్చుకుని మీకు లేఖ రాస్తున్నాడని తెలిసి నా పాత సహోద్యోగులు నవ్వుతున్నారు. నవ్వనివ్వండి.

నా మనవి ముందే చెప్పేస్తాను. తవ్వి వదిలేసిన రాతిగుట్ట మీద ఎర్రమట్టి పోసి మొక్కలు నాటించే ముందు, ఆ గుట్టలో అప్పటికే ఏ శిలీంధ్రాలు కాపురం పెట్టాయో పరీక్ష చేయించండి. ఏవీ లేకపోతే పక్కనే బతికున్న నేల నుంచి వాటిని తెచ్చి తోడు పెట్టించండి. ఈ రెండు పనులూ మూసివేత ప్రణాళికలో రాతపూర్వకంగా ఉండాలని పట్టుబట్టండి.

2017 నాటి ఖనిజ సంరక్షణ, అభివృద్ధి నిబంధనలు గని యజమానిని మూసివేత ప్రణాళిక ఇవ్వమన్నాయి, పైమట్టిని విడిగా తీసి ఉంచి పునరుద్ధరణకు వాడమన్నాయి. తవ్వకం ముగిశాక ఆ నేలను గడ్డీ గాదం మొలిచే స్థితికి, పశుగ్రాసానికీ జీవజాలానికీ పనికొచ్చే స్థితికి తేవాలని లీజుల్లో షరతు పెట్టమని 2020 జనవరి 8న సుప్రీంకోర్టు ఆదేశించింది. రెండూ మంచివే. అయితే ఆచరణలో ఇవి మొక్కల లెక్కగా మారిపోయాయి: ఎన్ని గుంతలు తీశారు, ఎన్ని నాటారు, ఫొటోలో ఎన్ని పచ్చగా కనిపిస్తున్నాయి. మొక్కను నిలబెట్టే నేలలో జీవం ఉందా లేదా అన్న గడి, నేను చదివిన నాలుగైదు ప్రణాళికల్లో ఒక్కదానిలోనూ లేదు.

ఈ ఆలోచన నాకు పల్నాడు క్వారీల దగ్గర తట్టలేదు. ఉత్తర ధ్రువ ప్రాంతపు గనుల గురించి చదువుతుండగా తట్టింది. మాడు పగిలే ఎండల్లో ఉండేవాడికి మంచు దేశాల గొడవెందుకని మీరు అనుకోవచ్చు కనుక ఆ సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

నార్వే ఏలుబడిలో ఉన్న స్వాల్‌బార్డ్ దీవులు 78వ ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాయి. అక్కడి లాంగియర్‌బీన్ అనే ఊరు, 1906లో జాన్ మన్రో లాంగియర్ అనే అమెరికా వ్యాపారి కంపెనీ బొగ్గు కోసం వేసిన ఊరు; అతని పేరే దానికి నిలిచిపోయింది. అదే దీవుల్లో ఇంకాస్త ఉత్తరాన నీ ఓలెసున్ అనే మరో బొగ్గు ఊరు ఉంది. 1962 నవంబరు 5న అక్కడి గనిలో పేలుడు జరిగి 21 మంది చనిపోయారు. మరుసటి ఏడాది గని మూతపడింది, ఆ ప్రమాదం మీద రేగిన దుమారానికి నార్వే ప్రభుత్వమే పడిపోయింది. ఆ ఊళ్లోనే మన దేశం 2008 జులై 1న హిమాద్రి అనే పరిశోధనా కేంద్రాన్ని తెరిచింది. అంటే ఉత్తర ధ్రువ ప్రాంతంలో మనకంటూ ఉన్న ఒక్క ఇల్లూ మూతపడిన గని వాకిట్లోనే ఉంది. గని మూతపడ్డాక నేల ఏమవుతుందో చూడాలనుకునేవారికి ఇంతకన్నా తగిన అరుగు ఎక్కడ దొరుకుతుంది?

లాంగియర్‌బీన్‌లో ఏడాది మొత్తం మీద పడే వాన, మంచు కలిపి సుమారు 200 మిల్లీమీటర్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ రెండు రోజుల్లో అంతకన్నా ఎక్కువే చూసింది. అక్టోబరు చివరి వారం నుంచి ఫిబ్రవరి మధ్య దాకా అక్కడ సూర్యుడు పొడవడు. వేసవిలో పైపైన ఒక మీటరు అటూఇటుగా నేల కరుగుతుంది. దాని కింద వంద మీటర్ల దాకా, కొండల్లో అయితే అంతకు నాలుగైదు రెట్లు, ఎప్పటికీ కరగని గడ్డనేల. ఆ కొండ వాలుల మీద, బొగ్గు ఏరుకోగా మిగిలిన రాయిని దశాబ్దాల పాటు కుమ్మరించారు.

ఆ రాయిలో పైరైట్ ఉంటుంది. ఇనుము, గంధకం కలిసిన ఈ ఖనిజం భూమి లోపల ఉన్నన్నాళ్లూ కదలదు మెదలదు. పైకి తెచ్చి గాలీ తడీ తగలనిస్తే చాలు, గంధకామ్లంగా, తుప్పునీరుగా మారడం మొదలుపెడుతుంది. గుట్ట అడుగు నుంచి నారింజ రంగు నీరు కారుతుంది, ఆ నీరు పారిన మేర మొక్కలు మాడిపోతాయి. ఈ మార్పు జరిగేటప్పుడు వేడి కూడా పుడుతుంది. స్వాల్‌బార్డ్‌లోని ఒక పాత బొగ్గు గుట్టలో ఉష్ణోగ్రతలు కొలిచినవారికి, చుట్టూ నేల గడ్డకట్టి ఉండగా గుట్ట మాత్రం తన వేడితో తానే లోలోపల వెచ్చగా ఉన్నట్టు తెలిసింది. పైన ధ్రువపు చలి, లోపల యాసిడ్ కుంపటి అన్నమాట. అటువంటి చోట మొదట ఎవరు అడుగుపెడతారు?

గాలికి కొట్టుకొచ్చిన నీలి ఆకుపచ్చ శైవలాలు, వాటితోపాటే శిలీంధ్రాలు. శిలీంధ్రపు పోగు మందం రెండు నుంచి పది మైక్రోమీటర్లు, తల వెంట్రుకలో పదో వంతో ఇంకా తక్కువో. అది రాతిపలుకుల సందుల్లోంచి పాకుతూ వాటిని ఒకదానికొకటి కుట్టినట్టు పట్టి ఉంచుతుంది. చలికి తన లోపలి నీరు గడ్డకట్టకుండా ట్రెహలోజ్ అనే చక్కెరను కూడబెట్టుకుంటుంది. కణపు పొరలోని కొవ్వును బిరుసెక్కనివ్వని రకంగా మార్చుకుంటుంది. కొన్ని జాతులు మంచు పలుకులు పెరగకుండా అడ్డుపడే ప్రొటీన్లను కూడా వదులుతాయి. అక్కడి శిలీంధ్రాల్లో చాలావాటి ఒళ్లు నల్లగా ఉంటుంది. మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ వంటి పదార్థమే వాటి గోడల్లోనూ ఉండి, ఎండనూ ఎండిపోవడాన్నీ తట్టుకోనిస్తుంది, లోహపు అయాన్లను పట్టి ఆపుతుంది. పెనిసీలియం, మార్టిరెల్లా, క్లాడోస్పోరియం, స్యూడోజిమ్నోయాస్కస్ వంటి ప్రజాతులు ఈ చలినేలల్లో తరచుగా కనిపించే పేర్లు. అమెరికాలోని కొలరాడో పర్వతాల మీద మంచు కింది నేలను పరీక్షించి 2003లో ప్రచురించిన అధ్యయనంలో, అక్కడి సూక్ష్మజీవుల మొత్తం బరువు చలికాలం చివర్లోనే గరిష్ఠానికి చేరుతోందనీ, అందులో పెద్ద వాటా శిలీంధ్రాలదేననీ తేలింది. మనం మంచు కప్పిందంటే అంతా నిద్రపోయిందనుకుంటాం.

ఇంకో విడ్డూరం చెప్పి ముందుకు సాగుతాను. అంటార్కిటికాలో కేప్ ఎవాన్స్ వద్ద బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం 1911లో కట్టుకున్న చెక్క గుడిసె ఇప్పటికీ నిలిచే ఉంది. చెట్టన్నదే మొలవని ఆ గడ్డ మీద, దూరదేశం నుంచి తెచ్చిన ఆ చెక్కనూ తినే శిలీంధ్రాలు తయారయ్యాయి. వాటిలో క్యాడోఫోరా అనే ప్రజాతి ముఖ్యమైనది. తిండి ఎదురైతే చాలు, అవి అక్కడే ఉండి కాచుకుని ఉన్నట్టే.

మళ్లీ స్వాల్‌బార్డ్‌కు వస్తే, గుట్ట మీద శిలీంధ్రాల నల్లటి పొర కట్టాకే నాచు వస్తుంది, ఆ తరువాత ఏళ్లకు ధ్రువపు విల్లో వస్తుంది. విల్లో అంటే చెట్టని ఊహించుకోకండి. అది నేలను కరుచుకుని కొన్ని సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే పెరిగే పొద. అయినా దాని వేరు కొసలకు తొడుగు తొడిగినట్టు శిలీంధ్రం చుట్టుకుని ఉంటుంది. వేరు చొరలేని సందులోకి శిలీంధ్రం పోగు పోతుంది, ఫాస్ఫరస్, నత్రజని తెచ్చిపెడుతుంది, బదులుగా ఆకు వండిన చక్కెరలో వాటా తీసుకుంటుంది. శిలీంధ్రాలు ఆక్సాలిక్, సిట్రిక్ ఆమ్లాలు వదిలి రాయిని నిజంగానే కరిగిస్తాయి. ఐరోపాలోని సూదాకుల అడవుల నేలలో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు పలుకుల లోపల కొన్ని మైక్రోమీటర్ల వెడల్పున్న సొరంగాలు కనిపించాయనీ, అవి వేరు శిలీంధ్రాలు తొలిచినవేననీ 1997లో నేచర్ పత్రికలో వచ్చింది. రాతిని మట్టి చేసే పని గాలీ వానా మాత్రమే చేస్తాయని మేము బడిలో చదువుకున్నాం. అది సగం పాఠమే.

స్వాల్‌బార్డ్ గుట్టలు పులుపైతే, రష్యాలోని కోలా ద్వీపకల్పం గుట్టలు దానికి పూర్తిగా తిరగబడ్డవి. అక్కడి హిబినీ కొండల్లో 1929 నుంచి అపటైట్ తవ్వుతున్నారు. మనం పొలాలకు వేసే ఫాస్ఫేటు ఎరువులకు ముడిరాయి అదే. అపటైట్ తీసేశాక మిగిలే నెఫెలిన్ పొడి బూడిద రంగులో, పిండిలా మెత్తగా, క్షార గుణంతో ఉంటుంది, గాలి వీస్తే ఊరి మీద పడుతుంది. ఆ పొడిలో మొదట్లో శిలీంధ్రాల రకాలు చాలా తక్కువ. గడ్డి నిలదొక్కుకున్న చోట్ల రకాలూ పెరిగాయి, సంఖ్యా పెరిగింది. మన పల్నాడు సున్నపురాయి గుట్టలు కూడా క్షార గుణం కలవే కనుక, మనకు పోలిక స్వాల్‌బార్డ్ కన్నా హిబినీతోనే ఎక్కువ కుదురుతుంది.

మంచు ప్రాంతాల నుంచి శిలీంధ్రాలను దిగుమతి చేసుకోమని నేను అనడం లేదు. వాటిలో చాలావాటికి మన ఎండ పడదు. ఉత్తర నేలల్లో పెనిసీలియం హెచ్చు, మన వేడి నేలల్లో ఆస్పర్‌జిల్లస్ హెచ్చు. అక్కడి విల్లోను అంటిపెట్టుకునే శిలీంధ్రం వేరు, మన వేప, కానుగ వేళ్ల లోపలికి చొరబడే శిలీంధ్రం వేరు. చలి నుంచి మనం తెచ్చుకోవలసింది దాని నిదానం. అక్కడ ఒక్కో మెట్టుకూ మధ్య ఏళ్లు పడతాయి కనుక ఏది ముందు వచ్చిందో, ఏది దాని భుజాల మీద నిలబడిందో విడివిడిగా కనిపిస్తుంది. ఇక్కడ ఒక్క తొలకరికి అన్నీ కలగాపులగమై, గుట్ట మీద సర్కారు తుమ్మ కమ్ముకుని, కింద ఏం జరిగిందో కనపడకుండా పోతుంది.

ఇది నేను ఇంట్లో చూసిన సంగతి. పల్నాడు జిల్లా బొల్లాపల్లి మండలంలోని బండ్లమోటు దగ్గర ఒకప్పుడు సీసం తవ్వేవారు. నిరుడు ఆ వైపు బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు దారి పక్కనున్న పాత రాతిపొడి రెండు చెంచాలు సీసాలో తెచ్చుకున్నాను. బంగాళాదుంప రసం, చక్కెర, గడ్డకట్టించే అగర్ కలిపి పోసిన గాజు పళ్లేల్లో ఆ పొడి చల్లి, సగం పళ్లేలు అటక మీద, సగం ఫ్రిజ్‌లో నాలుగు డిగ్రీల దగ్గర పెట్టాను. "ఇడ్లీ పిండి పక్కన మీ బూజేమిటండీ?" అని ఇంటావిడ కోప్పడింది. అటక మీది పళ్లేలను మూడో రోజుకల్లా ఒక్క నల్ల ఆస్పర్‌జిల్లస్ దుప్పటిలా కప్పేసింది. దాని కింద ఇంకేమున్నాయో చూసే వీలే లేకపోయింది. ఫ్రిజ్‌లో రెండు వారాలు ఏమీ లేదు. పంతొమ్మిదో రోజున ఆవగింజంత చుక్కలు కనిపించాయి, కొన్ని ముదురు ఆకుపచ్చ, కొన్ని మసి నలుపు, ఒకటి లేత గులాబీ, ఒకదాన్నొకటి తోసుకోకుండా దూరం దూరంగా. భూతద్దంతో లెక్కపెడితే ఒక్క పళ్లెంలో ఏడు రకాలు తేలాయి. ఇది పరిశోధన అని నేను చెప్పుకోను. గొడ్డురాయి అనుకున్నదానిలో ఏడుగురు కాపురమున్నారని మాత్రం నా కంటితో చూశాను. సంగతంతా విని, "అంటే పక్క నేలలోంచి తెచ్చి తోడు వేయాలంటారు, అంతేగా" అంది మా ఆవిడ. ముప్ఫై ఏళ్లు ఇనాక్యులం అన్న మాటే వాడినవాణ్ణి, ఆ పూట నుంచి తోడు అనే అంటున్నాను.

ఇక నా ఫిర్యాదు. రెండేళ్ల కిందట ఒక క్వారీ డంపు దగ్గర నిలబడి చూశాను. ఎవరిదో చెప్పడం ఈ లేఖ ఉద్దేశం కాదు. పదేళ్లుగా కదపని ఆ డంపు వాలు మీద, చేత్తో తడిమితే అట్టకట్టినట్టు తగిలే నల్లటి పొర ఉంది, సందుల్లో నాచు, అక్కడక్కడా బోదగడ్డి. తనిఖీ ఉందని పొక్లెయిన్ తెచ్చి ఆ పొరంతా గీకేశారు, టిప్పర్లతో ఎక్కడి నుంచో ఎర్ర గ్రావెల్ తెచ్చి పోశారు, వరసగా కానుగ మొక్కలు నాటి, ఒక్కోదానికి వెదురు బద్ద కట్టారు. ఫొటోలు బాగా వచ్చాయి. ఆ వేసవి చివర వెళ్లి చూస్తే వెదురు బద్దలున్నాయి. వానకు గ్రావెల్ జారి కిందనున్న వాగులో మేట వేసింది. పదేళ్లలో ఖర్చు లేకుండా కట్టిన కట్టడాన్ని ఒక్క పూటలో డబ్బిచ్చి కూలగొట్టించారు.

కాబట్టి పొర కట్టిన వాలును యంత్రంతో తాకనివ్వకండి. వాలు జారే ప్రమాదం ఉంటే ఆ మేరకే సరిచేయించి, మిగతాది వదిలేయమనండి. పైమట్టి విషయంలో ఇంకో మాట ఉంది, నిజానికి దీని మీదే నాకు ఎక్కువ పట్టింపు. వేప, కానుగ, గడ్డిజాతుల వేళ్లలో ఉండే శిలీంధ్రం, మన రైతులు వ్యామ్ అని పిలిచేది, బతికున్న వేరు లేకుండా పెరగలేదు. పళ్లెంలో అగర్ పోసి పెంచుదామన్నా పెరగదు. నా ఫ్రిజ్ ప్రయోగంలో అది కనపడకపోవడానికి కారణం అదే. పైమట్టిని ఇంటెత్తు కుప్పపోసి ఏళ్ల తరబడి ఉంచితే, లోపల వేరన్నది లేక ఆ శిలీంధ్రం క్రమంగా నశిస్తుంది. నిబంధన ప్రకారం మట్టి దాచినట్టే ఉంటుంది, తిరిగి పరిచేనాటికి అది తోడు చచ్చిన పెరుగు. కుప్పలు తక్కువ ఎత్తులో, వెడల్పుగా ఉండాలనీ, వాటి మీద ఏటా జనుమో పిల్లిపెసరో చల్లి వేరు బతికుండేలా చూడాలనీ షరతు పెట్టండి. ఆవాల కుటుంబపు మొక్కలు మాత్రం వద్దు, అవి ఈ శిలీంధ్రంతో జట్టుకట్టవు.

తోడు ఎక్కడి నుంచి తేవాలన్నది రైతుకు చెప్పనక్కర్లేదు. జీవామృతం కలిపేటప్పుడు మందులు తగలని గట్టు మీది మట్టి పిడికెడు వేస్తారు కదా, అదే పద్ధతి. గనికి ఆనుకుని తవ్వని బీడు నేల ఉంటే, అక్కడి వేళ్లతో సహా మట్టి కొద్దిగా తెచ్చి ప్రతి గుంతలో వేస్తే సరిపోతుంది. అంగట్లో దొరికే ప్యాకెట్ల మీద నాకు కోపం లేదు గానీ, ఎండలో గోదాములో పడి ఉన్న ప్యాకెట్‌లో ప్రాణమెంత మిగిలిందో పరీక్షించకుండా బిల్లు పాస్ చేయకండి.

పరీక్షలు ఖరీదైనవి కావు. మట్టిని నీళ్లలో కలిపి సన్నటి జల్లెళ్ల మీదుగా వడకట్టి సిద్ధబీజాలు లెక్కపెట్టడం, వేరు ముక్కకు ట్రిపాన్ బ్లూ రంగు పట్టించి సూక్ష్మదర్శిని కింద చూడడం ఎం.ఎస్సీ. విద్యార్థులకు వచ్చిన పనులే. గుంటూరు పక్కన లాంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, విజయవాడ దారిలో నాగార్జున విశ్వవిద్యాలయం ఉంది. ఒక్కో గుట్టకు ఏడాదికి రెండుసార్లు, తొలకరికి ముందొకటి, సంక్రాంతి దాటాక ఒకటి నమూనా తీయిస్తే, మూడేళ్లలో ఆ గుట్ట ఎటు పోతోందో మీ బల్ల మీద కాగితంలో కనిపిస్తుంది.

నా వాదనకు ఎదురుగా నిలిచే విషయాన్ని కూడా నేనే చెప్పాలి. శిలీంధ్రం లోహాన్ని తన గోడలో పట్టి ఆపడమే కాదు, ఆమ్లం వదిలి రాయిలోని లోహాన్ని కరిగించి నీళ్లలోకి దించగలదు కూడా. సున్నపురాయి, గ్రానైటు గుట్టల దగ్గర దీనికి అంతగా భయపడనక్కర్లేదు. సీసం, రాగి వంటివి తవ్విన చోట మాత్రం, తోడు పెట్టే ముందూ పెట్టాకా కింది బావుల్లో నీటిని పరీక్షించకుండా ఏ పనీ చేయకూడదు. అక్కడ మొలిచిన గడ్డి పశువుల దగ్గరకు పోకుండా కూడా చూసుకోవాలి.

ఇంత చెప్పి ఒక్క చిన్న కోరికతో ఆపుతాను. వచ్చే తొలకరికి ముందు మీరు తనిఖీ చేయబోయే ఏదో ఒక పాత డంపు మీద పది మీటర్లు పొడవు, పది మీటర్లు వెడల్పు ఉన్న మూడు మడులు గీయించండి. ఒకదాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. రెండో దానిలో ఎప్పటిలా గ్రావెల్ పోసి మొక్కలు నాటించండి. మూడో దానిలో పక్క బీడు మట్టి తోడు పెట్టి, అవే మొక్కలు నాటించండి. మూడింటికీ నీళ్లు ఒకేలా పోయించండి, లేదా మూడింటికీ మానేయండి. నమూనాలు తీయడానికి జల్లెళ్లు, సీసాలు, భూతద్దం పట్టుకుని సొంత ఖర్చుతో నేను వస్తాను. ఫ్రిజ్‌లో కింది అర ఖాళీ చేసి ఇస్తానని ఇంటావిడ ఒప్పుకుంది.

ఇట్లు,
గుంటూరు నుంచి,
మిర్చి పరీక్షల ప్రయోగశాలలో పనిచేసి విరమించిన ఒక సూక్ష్మజీవశాస్త్ర విద్యార్థి